బగ్గు చెప్పాలంటే ఆకు తెంపుకపోవాలె

మిర్చి తోటకు పురుగు తాకితే మన రైతు ఏం జేస్తడు? మందుల దుకాణానికి పోయి "తోట ఖరాబైంది, మందియ్యి" అని ఊకుంటడా? ఊకోడు. ముడుసుకపోయిన ఆకు తెంపి కవర్ల ఏసుకపోతడు. ఏ విత్తనం, నాటి ఎన్ని దినాలు, మొన్న కొట్టిన మందేంది, వాన ఎప్పుడు పడ్డది, అన్నీ చెప్తడు. 2021-22ల మానుకోట దిక్కు మిర్చిని తామర పురుగు ఊడ్చుకపోయినప్పుడు దుకాణాల ముంగట నిలవడ్డోళ్ల చేతుల్ల ఆకులు, పూలే కనవడేటివి. ఆకు చూస్తెనే పురుగేందో తెలుస్తది. మందు దొరుకుడు, దొరకకపోవుడు తర్వాతి ముచ్చట.

కంప్యూటర్ల, ఫోన్ల వచ్చే తప్పును గూడ ఇంగ్లీషుల పురుగనే అంటరు. బగ్గు. ఆ తప్పును తయారుచేసినోళ్లకు రాసి చెప్పుడే బగ్గు రిపోర్టు. మంది కలిసి, చాలావరకు జీతం లేకుండనే చేసి, అందరికి ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటరు. అసొంటి ఒక సాఫ్ట్‌వేర్‌కు నేను ఒక్క బగ్గు చెప్పబోయి ఏడాదిన్నర తిప్పలవడ్డ. తిట్టిన, అలిగిన, ఇడిసిపెట్టిన, మళ్ల పోయిన. మిర్చి రైతుకు ఎరుకున్న ముచ్చట నాకు ఎరుక లేకపాయె. ఆకు తెంపుకపోకుండనే పోయిన.

అట్లని తప్పంత నాదే అని గూడ అనను. రెండు దిక్కులా ఉన్నది. ఫోన్ల, కంప్యూటర్ల తెలుగు రాసే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు ఇది పనికొస్తదని రాస్తున్న.

కాయితంల ఉన్నది, కంప్యూటర్ల లేదు

నేను ఇంటర్ నడుమనే ఇడిసిపెట్టినోన్ని. కంప్యూటర్ నేర్చుకున్నది జనగామల ఒక డీటీపీ దుకాణంల, పనిచేసేటోళ్ల పక్కకు కూసొని. గప్పుడు కరపత్రమైనా, పెండ్లి పత్రికైనా అంత అను ఫాంట్లే. ఆ అక్షరాలు గా ఫాంటు ఉన్న కంప్యూటర్లనే తెలుగు, ఇంకోతాన తెరిస్తె పిచ్చి గీతలు. యూనికోడ్ అలవాటైనంక ఆ గోస తప్పిందని మస్తు సంబురపడ్డోన్ని. కొనే సాఫ్ట్‌వేర్‌కు పైసలు లేక, పాత లాప్‌టాప్‌ల ఊరికే దొరికే ప్రోగ్రాములు ఏసుకొని అర్జీలు, జాబితాలు రాస్తుంట.

మానుకోట జిల్లాల ఒక తండాల, 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూములకు దరఖాస్తు పెట్టుకున్నోళ్ల పేర్లన్ని ఒక జాబితా జేసినం. 312 పేర్లు. పీడీఎఫ్ జేసి ఒక ఆఫీసుకు పంపిన. కొన్ని దినాలకు తండా నుంచి ఒక అవ్వ తన కాయితం ఏడిదాక వచ్చిందో అడుగుదామని రెండు బస్సులు మారి పోయింది. ఆమె పేరు చెప్పను. ఇంటిపేరుల 'క్యా' ఉన్నది, పేరుల 'క్ష్మి' ఉన్నది. ఈ కథకు ఆ రెండు అక్షరాలే కావాలె.

ఆపరేటర్ పీడీఎఫ్ తెరిచి, సెర్చ్‌ల ఆమె పేరు కొట్టిండు. సున్న. ఇంకోసారి కొట్టిండు. సున్న. "జాబితల నీ పేరు లేదవ్వా" అన్నడు. ఆమె చేతుల నేనిచ్చిన ప్రింటు ఉన్నది, దాంట్ల పేరున్నది. కాయితంల ఉన్నది, కంప్యూటర్ల లేదు. కంప్యూటర్ మాటే నెగ్గింది.

తెల్లారి నేను ఆమెతోటి పోయిన. సెర్చ్ పక్కకు పెట్టి, ఒక్కొక్క పేజీ కండ్లతోటి చదువుకుంట పోతె ఏడో పేజీల దొరికింది. ఆపరేటర్ తప్పు జెయ్యలె. ఆయన అడిగిండు, కంప్యూటర్ లేదన్నది. అయితె మిర్చి ఏరే రోజుల్ల ఆ అవ్వకు రెండు దినాల కైకిలి పోయింది. గా రెండు దినాలు ఎవరి లెక్కల రాయాలె?

కంటికి ఒకటి, సెర్చ్‌కు ఇంకోటి

అసలు ఏం జరిగిందో తర్వాత తెలుసుకున్న. జర ఓపికతోటి చదువుండ్రి, కష్టమైన ముచ్చట గాదు.

యూనికోడ్‌ల తెలుగు 1991 నుంచి ఉన్నది. ఒక్కో అక్షరానికి ఒక నంబరు. 'క్ష్మి' అని రాస్తె కంప్యూటర్ లోపల ఆరు ముక్కలు వరుసగ ఉంటయి: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. చదివేటప్పుడు గూడ మనం గదే వరుసల పలుకుతం, గుడి ఆఖరికి. కాని తెర మీద గీసేటప్పుడు వరుస మారుతది. గుడి పోయి మీద 'క్ష'కు ఎక్కుతది, 'మ' వత్తయి పక్కకు దిగుతది. అంటె ముందు 'క్షి' బొమ్మ, తర్వాత మ-వత్తు బొమ్మ.

పీడీఎఫ్ అంటె రాతకన్న ఎక్కువ బొమ్మ. ఏ బొమ్మ కాయితం మీద ఏడ పెట్టాలె అన్నదే దాని అసలు పని. దాంట్ల సెర్చ్ కొట్టాలంటె బొమ్మను తిరిగి అక్షరం చెయ్యాలె. అందుకు "గీ బొమ్మ అంటె గీ అక్షరం" అని ఒక పట్టిక లోపల పెడతరు. తిరిగి మార్చేటప్పుడు బొమ్మల వరుసనే అక్షరాల వరుస అనుకుంటె, 'లక్ష్మి' కాస్త 'లక్షి్మ' అయితది. 'క్యా' పోయి 'కా్య' అయితది. కాయితం మీద మంచిగనే కనవడ్తది. సెర్చ్‌కు మాత్రం అది వేరే మాట. పీడీఎఫ్‌ల కెల్లి తెలుగు కాపీ జేసి వాట్సాప్‌ల పెట్టినోళ్లందరికి ఈ తక్లీఫ్ ఎరుకే.

వత్తులు, గుణింతాలు సరిగ కూర్చి పెట్టే పని లోపల వేరే సాఫ్ట్‌వేర్ చేస్తది. అసొంటిదాంట్ల పెద్దది హర్ఫ్‌బజ్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నిట్ల గదే. హర్ఫ్ అంటె అక్షరం, మన దిక్కు ఉర్దూ ఎరుకున్నోళ్లకు చెప్పే పని లేదు. ఆ పేరు పార్సీ మాటలకెల్లి వచ్చింది. దాన్ని ముందుండి నడిపించిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌ల పుట్టినాయన. మన వత్తులు ఇయ్యాల ఫోన్ల సరిగ కూసుంటున్నయంటె, తెలుగు మాట్లాడనోళ్లు ఎందరో కూసొని చేసిన పని దాని వెనుక ఉన్నది. నేను తిట్టుడు మొదలువెట్టినప్పుడు నాకు ఇదంత తెల్వది.

నేను రాసింది కరపత్రం

ఆ రాత్రి ఇంటికొచ్చి, నేను వాడే ప్రోగ్రాం బగ్గుల పేజీ దేవులాడి, ఖాతా తెరిచిన. ఆ ప్రోగ్రాం పేరు చెప్పను, ఊరికే పనిచేసేటోళ్ల మీద పంచాది పెట్టుడు నా పని గాదు. ఫోన్ల అనువాదం చేసుకుంట ఇంగ్లీషుల రాసిన. దాని అర్థం గిట్లుంటది: "తెలుగు పనిచేస్తలేదు. పేదోళ్లు ఆగమైతున్నరు. మా భాషంటె మీకు లెక్క లేదు. జల్ది సరిచెయ్యిండ్రి."

మూడు వారాలకు జవాబొచ్చింది. ఏ దేశమాయననో తెల్వదు, మర్యాదగనే అడిగిండు. ఏ వెర్షన్? ఏ ఆపరేటింగ్ సిస్టం? ఏ ఫాంటు? తప్పు కనవడే చిన్న ఫైలు ఒకటి పంపుతరా?

నాకు కోపమొచ్చింది. ఆఫీసులల్ల తిరిగి తిరిగి నాకు ఒక అలవాటైంది. ఎవరన్న ఇంకో కాయితం తెమ్మంటె అది తిప్పిపంపే ఉపాయమే అనుకుంట. "ఇక్కడ మంది బతుకులు పోతుంటె మీకు వెర్షన్ నంబర్ కావాల్నా" అని రాసిన. ఆయన మళ్ల మాట్లాడలె. అయిదు నెలలకు ఒక సందేశమొచ్చింది. చాన దినాలుగ కదలిక లేదు గనుక దీన్ని మూసేస్తున్నం అని. రాసింది మనిషి గూడ గాదు, మిషిని.

ఇగ దాని పేరెత్తొద్దనుకున్న. భూపాలపల్లిల ఒక మీటింగుకు పోయినప్పుడు ఈ ముచ్చట చెప్తుంటె, పక్కకున్న తమ్ముడు నా ఫోన్ తీసుకొని చదివిండు. వాళ్ల నాయిన సింగరేణి బాయిల పనిచేస్తడు, పోరడు డిగ్రీ చదువుతున్నడు. చదివి నవ్విండు.

"అన్నా, నువ్వు రాసింది బగ్గు రిపోర్టు గాదు, కరపత్రం."

మాట జర గుచ్చింది గాని నిజమే. ఇరవై ఏండ్లుగ నేను రాసేది కరపత్రాలే. కరపత్రంల బాధ ఎంత పెద్దదో చెప్తం. బగ్గు రిపోర్టుల తప్పు ఎంత చిన్న జాగల ఉన్నదో చూపాలె.

ఆయన 312 పేర్ల జాబితా పక్కకు పెట్టిండు. కొత్త ఫైలు తెరిచి ఒక్క మాట రాసిండు, 'లక్ష్మి'. పీడీఎఫ్ జేసి, కాపీ కొట్టి పక్కకు అతికిచ్చిండు. తప్పొచ్చింది. ఫాంటు మార్చి మళ్ల చేసిండు. ఇంకో తీరు తప్పొచ్చింది. ఒక ఫాంటుతోటి వరుస మాత్రమే తారుమారైతుంది, ఇంకోదాంతోటి కొన్ని అక్షరాలు డబ్బాలే అయితున్నయి. "ఇది ఒక్క బగ్గు గాదన్నా, రెండు" అన్నడు. నేను ఏడాది పొద్దు ఒక్క పురుగనుకున్నది రెండు పురుగులు.

ఎదురుంగ కూసున్నది ఎవరు?

ఇక్కడ ఒక ముచ్చట ఆలోచించాలె. మనం బగ్గు చెప్పేది ఎవరికి? ఆఫీసుకైతె జీతం తీసుకునే ఉద్యోగి ఉంటడు, నిలదీసి అడిగే హక్కున్నది. పైసలు పెట్టి కొన్న సామానుకైతె రసీదు ఉంటది. ఓపెన్ సోర్స్‌ల రెండూ లేవు. ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లనే రాసుంటది, దీనికి మేం పూచీ గాదు అని. అది దబాయింపు గాదు. ఊరికే ఇచ్చినోడు చెప్పుకోగలిగిన నిజం.

మరి మనకు దక్కింది ఏంది? దిద్దుకునే హక్కు. ఈ ఉద్యమం మొదలైందే ఒక బగ్గుతోటి. 1980 ప్రాంతంల అమెరికాల ఎంఐటీల రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేసే తాన ప్రింటర్‌ల మాటిమాటికి కాయితం ఇరుక్కుంటుండె. పాత ప్రింటర్‌కు ఆయనే ప్రోగ్రాం దిద్ది, ఇరుక్కున్నప్పుడు అందరికి కబురు పోయేటట్లు చేసిండు. కొత్తగ వచ్చిన జిరాక్స్ ప్రింటర్‌కు మాత్రం ప్రోగ్రాం లోపలి రాత ఇయ్యమన్నరు. తప్పు కండ్ల ముంగట కనవడ్తుంటె దిద్దే హక్కు లేకపాయె. గా కోపం ఆయనకు యాదికుండిపోయింది. 1983ల గ్నూ ప్రాజెక్టు ప్రకటించిండు. లోపలి రాత అందరిది, ఎవరైన చదువొచ్చు, దిద్దొచ్చు, పంచొచ్చు అన్నది గక్కడి నుంచి పెరిగింది.

మన ఊరి చెరువు యాది చేసుకోండ్రి. నీళ్లు ఆయకట్టు అందరియి. కట్ట మీద తూము చూసుకునేది ఒక్క నీరటి. అయినా పాతకాలంల పంట కోసినంక కల్లంల నీరటికి వడ్లు కొలిచి పెట్టేది. ఊరంత తాగే చెరువుకు కావలున్నోడు ఉపాసం ఉండొద్దని ఊరికి ఎరుక. సాఫ్ట్‌వేర్ చెరువుకు ఆ కొలుపు లేకపాయె.

2014 ఏప్రిల్‌ల హార్ట్‌బ్లీడ్ అనే బగ్గు బయటవడ్డది. అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ల ఉండె. లోకంల ఎన్నో వెబ్‌సైట్లు మన పాస్‌వర్డులకు, బ్యాంకు లావాదేవీలకు వేసే తాళం అదే. అంత పెద్ద తాళానికి పొద్దంత పనిచేసేటోడు గప్పుడు ఒక్కడే. ఏడాదికి వచ్చే చందాలు దాదాపు 2,000 డాలర్లు. కోట్ల రూపాయల కంపెనీలు అదే తాళం ఏసుకొని పండుకున్నయి.

2024 మార్చిల ఇంకోటి. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఫిన్లాండ్‌ల లాసే కొలిన్ అనే ఆయన ఏండ్లకేండ్లు జీతం లేకుండ చూసుకుంటుండె. పని జల్ది అయితలేదు, ఎప్పుడు చేస్తవ్ అని 2022ల కొందరు ఆయనను మస్తు సతాయిచ్చిండ్రు. తన మనసు బాగుంటలేదని ఆయన చెప్పుకున్నా ఆగలె. ఆ సతాయిచ్చిన ఖాతాలు దొంగయని చాలమంది అనుమానం. గదే టైముల జియా టాన్ పేరుతోటి ఒకరు సాయం చేస్తనని వచ్చి, నమ్మకం సంపాదించి, తాళంచెవి అందుకున్నంక దాంట్ల దొంగదారి పెట్టిండ్రు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తన కంప్యూటర్ల లాగిన్ అర సెకను ఆలస్యమైతుందని పట్టుపట్టి దేవులాడితె అది దొరికింది.

ఈ కథల రెండు తీర్ల మనుషులున్నరు. సతాయించినోళ్లు దొంగకు తోవ తెరిచిండ్రు. అర సెకనుకు ఆకు తెంపినాయన లోకాన్ని కాపాడిండు. "మా భాషంటె మీకు లెక్క లేదు" అని రాసిన నేను ఏ దిక్కున్న? ఇది చదివినంక నాకు సిగ్గైంది.

మన గోస గూడ ఉత్తది గాదు

సిగ్గుపడ్డ అని నోరు మూసుకోలె. బగ్గు చెప్పేటోని కష్టం గూడ కష్టమే. ఒక రిపోర్టు సరిగ రాయాలంటె ఒక పూట పోతది. గా పూట కైకిలి చేసుకునేటోనికి పైసలతోటి సమానం. అసొంటి రిపోర్టును మనిషి చూడకుండనే మిషిని మూసేస్తె, మళ్ల ఆ గడప తొక్కబుద్ధి గాదు. పొద్దంత పనిచేసి అలసిపోయిన వాళ్లకు కుప్ప తగ్గాలె, నిజమే. మూసేసిన బగ్గు మాత్రం లోపల అట్లనే ఉంటది.

రెండోది భాష. అంత ఇంగ్లీషులనే. తెలుగు తప్పు తెలుగు రానోళ్లకు ఇంగ్లీషు సరిగ రానోళ్లు చెప్పాలె. "నా దగ్గర మంచిగనే నడుస్తుంది" అని జవాబొస్తది. ఆయన కంటికి తప్పు తెలుగు, ఒప్పు తెలుగు రెండూ ఒక్క తీరే. మనకు కొరియా అక్షరాలు ఎట్లనో గట్ల.

మూడోది నెట్టుడు. తమ్ముడు రెండు బగ్గులు విడదీసి రాసినంక గూడ ప్రోగ్రామోళ్లు ఇది ఫాంటు తప్పన్నరు, ఫాంటోళ్లు ఇది ప్రోగ్రాం తప్పన్నరు. పోడు భూముల ముచ్చట తెలిసినోళ్లకు ఇది కొత్త గాదు. రెవెన్యూ, ఫారెస్టు నడుమ గెట్టు తేలేదాక నడుమ నిలవడ్డోడే నలుగుతడు. భూమికి జాయింట్ సర్వే ఉన్నది. బగ్గుకు గది గూడ లేదు, మనమే ఇద్దరిని ఒక్కతాన కూసోబెట్టాలె.

నాలుగోది అన్నిటికన్న పెద్దది. 2018 ఫిబ్రవరిల ఒక్క తెలుగు అక్షరం లోకమంత ఐఫోన్లను ఆపింది, యాదికున్నదా? 'జ్ఞా'. జ, పొల్లు, ఞ, నడుమ కంటికి కనవడని ఒక గుర్తు, ఆఖరికి దీర్ఘం. ఆ ముక్కలు ఆ వరుసల వస్తె ఫోన్ల యాప్‌లు కూలిపోయినయి. ఆకతాయిలు ఒకరికొకరు పంపుకున్నరు. ముచ్చట పేపర్లల్ల వచ్చిన కొద్ది దినాలకే, ఫిబ్రవరి 19న, ఆపిల్ 11.2.6 పేరుతోటి మరమ్మతు పంపింది. అది ఓపెన్ సోర్స్ గాదు, డబ్బున్న కంపెనీ. ఇక్కడ గమనించాల్సింది ఏందంటె, తెలుగు తప్పు తెలుగు రానోళ్ల ఫోన్లు గూడ ఆపింది గనుక దునియా మొత్తం లేచింది. తెలుగోళ్ల పేర్లు మాత్రమే విరిగే తప్పుకు ఎవరు లేస్తరు? మనమే లెవ్వాలె. ఓపెన్ సోర్స్‌ల లేసే హక్కు, దిద్దే హక్కు రెండూ ఉన్నయి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌ల బతిలాడే హక్కే ఉన్నది.

ఆకు తెంపుడు ఎట్ల?

నేను ఆలస్యంగ నేర్చుకున్నది మీరు ముందుగాల నేర్చుకోండ్రి.

మొదలు వెతకండ్రి. మన బగ్గు ఇంతకుముందే ఎవరన్న చెప్పి ఉండొచ్చు. కన్నడపోళ్లకు, మలయాళమోళ్లకు గూడ వత్తుల బాధలున్నయి, వాళ్ల రిపోర్టులు చూడండ్రి. మీ రిపోర్టును 'డూప్లికేట్' అని పాతదానికి కలిపితె అవమానం గాదు. ఒక్కతాన అర్జీ మీద సంతకాలు పెరిగినట్టే.

తప్పును చిన్నగ చెయ్యిండ్రి. నూరు పేజీల ఫైలు గాదు, తప్పొచ్చే ఒక్క మాట. ఒక్క రిపోర్టుల ఒక్కటే బగ్గు.

మూడు ముచ్చట్లు వరుసగ రాయిండ్రి: నేనేం చేసిన, ఏం రావాలె, ఏం వచ్చింది. "పనిచేస్తలేదు" అనే మాట రాయకండ్రి, దాంట్ల ఏ కబురూ లేదు.

వెర్షన్ నంబర్, ఫోన్ లేదా కంప్యూటర్ రకం, ఫాంటు పేరు ముందుగాలనే పెట్టండ్రి. ఇది తిప్పిపంపే ఉపాయం గాదు. ఏ విత్తనం, నాటి ఎన్ని దినాలు అన్నట్టే.

తెలుగు రానోడు చూస్తడని యాది పెట్టుకోండ్రి. స్క్రీన్‌షాట్ల తప్పు జాగ చుట్టు గీత గీసి, పక్కకు ఒప్పు రూపం పెట్టండ్రి. ఇంగ్లీషు చిన్న చిన్న వాక్యాలల్ల చాలు. అనువాద యంత్రంతోటి రాసినమని చెప్పుడు తప్పు గాదు.

మంది వివరాలు పెట్టకండ్రి. తమ్ముడు చూడకపోతె నేను ఆ 312 పేర్ల జాబితానే నమూనా ఫైలని పెడుతుంటి. అక్కడ పెట్టింది లోకమంత చూస్తది, తర్వాత తీసేసినా ఎవని దగ్గరనో ఉంటది. పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు ఏవీ వద్దు.

దొంగలు దూరే సందు లాంటి బగ్గు దొరికితె బాహాటంగ రాయొద్దు. దానికి చాల ప్రాజెక్టులకు వేరే చాటు దారి ఉంటది, దాంట్ల చెప్పాలె.

అడిగినప్పుడు జవాబియ్యాలె. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మళ్ల చూసి, "ఇంక ఉన్నది" అనో "పోయింది" అనో రాయాలె. నా మొదటి రిపోర్టు సచ్చింది గక్కడనే.

కట్ట మీదికి మనం గూడ పోవాలె

ఒక్కరితోటి అయ్యే పని గాదిది. మలయాళమోళ్లకు స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అని ఒక సంఘమున్నది. ఫాంట్లు వాళ్లే చేసుకుంటరు, మలయాళం అక్షరాల బగ్గులు వాళ్లే మోసుకపోయి దిద్దించుకుంటరు. మన తాన గూడ శూన్యమేం లేదు. హైదరాబాదుల స్వేచ్ఛ సంస్థ విద్యార్థులతోటి తెలుగుల ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్ నుంచి మంది రాతతోనే నడుస్తుంది. అయితె మానుకోటల, భూపాలపల్లిల అర్జీ రాసే పోరగానికి, ఏడనో కోడు దిద్దే మనిషికి నడుమ మాట మోసేటోళ్లు తక్కువున్నరు. ఆ నడిమి పనికి కోడింగ్ రావాల్సిన అవసరం లేదు. తెలుగు రావాలె, ఓపిక కావాలె. డిగ్రీ చదివే తమ్ముండ్లు, చెల్లెండ్లు చెయ్యగలిగే పనే.

మన ఊర్లకెల్లి పోయి హైదరాబాదుల, అమెరికల సాఫ్ట్‌వేర్ కొలువులు చేసే అన్నలకు, అక్కలకు ఒక మాట. సెలవులకొచ్చి బొడ్రాయి పండుగకు చందా రాస్తరు, సంతోషం. ఏడాదికి ఒక్క తెలుగు బగ్గు దిద్ది పెట్టండ్రి. ఈ సాఫ్ట్‌వేర్ మీద బతికే కంపెనీలు, సర్కార్లు నీరటికి కల్లంల వడ్లు కొలవాలె. అది దానం గాదు, బాకీ.

ఇగ మా బగ్గు ఏమైందంటె, ఫాంటుది సరైంది. డబ్బాలు రాకుండ ఒక వాలంటీరు వారం దినాల్ల దిద్దిండు. వరుస తారుమారయ్యేది ఇంక తెరిచే ఉన్నది. నిజమే, తప్పున్నది అని ఒకరు చూసి ధ్రువీకరించిండ్రు. నెలకోసారి పోయి చూసొస్తున్న. మొదలు అడిగినాయనకు గూడ క్షమించమని రాసిన. పర్వాలేదు, ఫైలు మంచిగుంది అని జవాబిచ్చిండు.

అది దిద్దేదాక మేం ఒక ఉపాయం చేసుకున్నం. పీడీఎఫ్‌తోటి పాటు అవే పేర్లు ఎక్సెల్ ఫైలుల గూడ పంపుతున్నం, దాంట్ల సెర్చ్ మంచిగనే దొరుకుతది. ప్రతి ఒక్కరికి జాబితల తమ వరుస నంబర్ రాసిన చీటీ ఇస్తున్నం. వత్తులు విరుగుతయి గాని అంకెలు విరగవు. ఆ అవ్వది 187. చీటీ కొంగుకు కట్టుకున్నది. కాని మనిషిని నంబర్‌తోటి పిలిపించుకునుడు మన ఉపాయమే గాని మన గెలుపు గాదు. ఆమె పేరు కొడితె ఆమె పేరు దొరకాలె. అందుకే ఆ బగ్గు పేజీ దగ్గరికి మళ్ల మళ్ల పోతున్న. ఈసారి చేతుల ఆకున్నది.